నూకాలు అడిగిన రాయి

ఇంక దుప్పటి కోసం కొట్టుకోవడం ఆపండి. ఆ కొస నీది రవళీ, ఈ కొస సిద్ధూగాడిది, మధ్యలో నేను. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టడం ఆగిందా, కథా అక్కడే ఆగిపోతుంది.

అనగా అనగా, అటు కొండ, ఇటు వాగు, ఆ రెండింటి మధ్యా ఇరుక్కుని బాటపాలెం అని ఒక చిన్న ఊరు ఉండేదిట. కొండ దిగి, ఊరు దాటి, వాగులోంచి నడిచి, అవతల ఎక్కడో ఉన్న స్వామి దర్శనానికి వెళ్ళే బాట అది. బండి పోదు, గుర్రం పోదు, కాళ్ళే గతి. బాట నిండా రాళ్ళు. కొబ్బరికాయంతవి, బెల్లం అచ్చంతవి, అన్నీ మొనదేలినవే. ఆ ఊరు బతికిందే ఆ రాళ్ళ మీద. ఎలాగంటారా? కొండ దిగితే కాళ్ళు పీకేవి. కాళ్ళు పీకితే అరుగు మీద కూలబడేవారు. కూలబడితే ఆకలేసేది. ఆకలేస్తే పేరమ్మ పూటకూళ్ళింట్లో విస్తరేసేది. కడుపు నిండితే నిద్రొచ్చేది, నిద్ర లేస్తే తెగిన చెప్పు గుర్తొచ్చేది. చెప్పు కుట్టేవాడికి కాస్త, కాళ్ళకి నూనె రాసేవాడికి కాస్త, మజ్జిగ అమ్మేదానికి కాస్త. అలా ఊరంతా గడిచిపోయేది. ఊ కొడుతున్నారా?

ఆ పేరమ్మకి ఒక కోడలు. పేరు నూకాలు. కిందటేడు వానల్లో నూకాలుకి నొప్పులొచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మంత్రసాని ఒక్క సూరమ్మే, ఆవిడ ఇల్లేమో వాగు అవతల. వాగు పొంగిపోయింది. నూకాలు మొగుడు సింహాద్రి ఈ గట్టున నిలబడి కేకలేశాడు, సూరమ్మ ఆ గట్టున నిలబడి కేకలేసింది, మధ్యలో ఎర్రనీళ్ళు. నీళ్ళు తీసేసరికి పుట్టిన పిల్ల పోయింది. ఆడపిల్లట. ఈ మాట చెప్పాలని ఉండదు నాకు, అయినా జరిగింది జరిగినట్టే చెప్పాలి కదా.

ఇప్పుడు నూకాలు మళ్ళీ కడుపుతో ఉంది. నెలలు నిండేది మళ్ళీ వానల్లోనే. నాకు చీరలొద్దు, సారెలొద్దు, వానలు పడేలోపల వాగు మీద వంతెన కావాలి, అని కూచుందిట. ఏవిట్రా సిద్ధూ? ఆ సూరమ్మని ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అంటావా? తెలివైనవాడివే. కానీ ఆవిడ ఒక్కత్తీ అన్ని ఊళ్ళకీ తిరగాలా? ఈ ఇంట్లో కూచుంటే ఆ ఇంట్లో పిల్ల గతేం కాను? అందుకని ఆవిడ ఎక్కడా కూచోదు.

సరే, అలా ఉండగా రాజుగారు చాటింపు వేయించాడు. బాట పక్కనున్న ఊళ్ళలో ఏ ఊరివాళ్ళు తమ ఊరి బాటని తామే బాగుచేసుకుంటారో, ఆ ఊరికి ఒక బంగారు మూట ఇస్తాను అన్నాడట. ఊరిపెద్ద దాలినాయుడు అందర్నీ పోగేసి, వంతెనకి ఇంతకంటే దారి లేదు, పదండి అన్నాడు. ఇంటికొక ముక్క బాట పంచుకున్నారు. ముసలివాళ్ళు గుంటలు పూడ్చారు, ఆడవాళ్ళు చలివేంద్రం పెట్టి కుండలు నింపారు, మగవాళ్ళు పాకలేశారు. రాళ్ళన్నీ ఏరి పక్కన కుప్పలు పోశారు. ఊరు ఊరంతా ఒళ్ళు హూనం చేసుకుంది. చివరికి బాట ఎలా తయారైందంటే, అలికిన వాకిలిలా తయారైంది.

రాజుగారి మనిషి వచ్చాడు, చెప్పులు విప్పి ఉత్తకాళ్ళతో నడిచి చూశాడు, మూట చేతిలో పెట్టి వెళ్ళాడు. మూటతో పనివాళ్ళని పెట్టి వాగులో స్తంభాలు లేపారు. స్తంభాలు లేచేసరికి మూట ఖాళీ. పైన దారి కట్టడానికి రాయి కావాలి, రాయి దూరపు క్వారీ నుంచి రావాలి, దానికి బళ్ళ కిరాయి కావాలి. దాలినాయుడు ఏమీ బెంగపడలేదు. తిరునాళ్ళ జనం వస్తారుగా, ఇంత మంచి బాట మీద రెట్టింపు జనం వస్తారు, ఇంటింటికీ వచ్చిన రాబడిలోంచి సగం తీసి వంతెనకి ఇద్దాం అన్నాడట. పేరమ్మ గంగాళాలు తోమించింది, చెప్పులవాడు కొత్త తోలు తెచ్చుకున్నాడు, నూనెవాడు నూనె కాచుకున్నాడు.

తిరునాళ్ళ జనం రానే వచ్చారు. నిజంగానే రెట్టింపు జనం. కొండ దిగారు. కాళ్ళు పీకలేదు. కాళ్ళు పీకలేదు గనక అరుగు మీద కూలబడలేదు. కూలబడలేదు గనక ఆకలెయ్యలేదు. ఆకలెయ్యలేదు గనక విస్తరి అక్కర్లేదు, విస్తరి లేదు గనక నిద్రా లేదు, చెప్పు తెగలేదు గనక చెప్పులవాడి మొహం చూసినవాడే లేడు. చలివేంద్రంలో నీళ్ళు తాగి, బాట భలే ఉందండీ అని మెచ్చుకుంటూ, పాటలు పాడుకుంటూ ఊళ్ళోంచి వెళ్ళిపోయారట.

ఊరంతా అరుగుల మీద నిలబడి చూసింది. పేరమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. దాలినాయుడు తలపాగా తీసి మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, ఏం చెయ్యాలో తెలీక. వండిన అన్నం గంగాళంలోనే పాచిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నూకాలు పొట్టమీద చెయ్యి పెట్టుకుని వాగు దగ్గరికెళ్ళి చూస్తే, మొండి స్తంభాలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. కొండ మీద అప్పుడే మబ్బు పడుతోంది. ఆ పిల్ల గుండెల్లో రాయి పడింది.

నిద్రపోలేదు కదా? వినండి, ఇక్కడే ఉంది అసలు ఘోరం.

ఊరిపెద్దలు కూచుని ఆలోచించారు. ఆలోచించి ఏం తేల్చారనుకున్నారు? రాళ్ళు మళ్ళీ బాట మీద పెట్టేద్దాం అని తేల్చారు. నవ్వకండి, నిజం. ఒళ్ళు హూనం చేసుకుని ఏరిన రాళ్ళు, అవే చేతులతో మళ్ళీ పరిచేద్దాం అన్నారు. అన్నీ వద్దు, మలుపు దగ్గర కొన్ని, దిగుడు దగ్గర కొన్ని, కాస్త కాలు నొప్పెడితే చాలు, చచ్చిపోతారా ఏవిటి అన్నారు. అందరికంటే ముందు లేచింది పేరమ్మే. కోడలి కోసమే కదా, వంతెన కోసమే కదా అనుకుంది. కూరల బుట్టలో రాళ్ళు వేసుకుని, పైన గోంగూర కప్పుకుని వెళ్ళి, దిగుడు దగ్గర పేర్చి వచ్చింది.

ఆ పూటే కొండమీద గూడెంలో ఎవరికో నొప్పులని సూరమ్మకి కబురొచ్చింది. ఆవిడ పరుగున వెళ్ళి, పురుడు పోసి, తిరిగి దిగుతూ, బాట బాగుంది కదా అని కిందకి చూడకుండా గబగబా నడిచింది. దిగుడు దగ్గర పేరమ్మ పెట్టిన రాయి మీద కాలు పడింది. అంతే, చీలమండ మడతపడి దబ్బుమని కూలిపోయింది. సింహాద్రీ ఇంకొకడూ మోసుకొచ్చి పేరమ్మ అరుగు మీదే పడుకోబెట్టారు. కాలు గుమ్మడికాయలా వాచిపోయింది. పేరమ్మ ఆ కాలు చూసింది, కోడలి పొట్ట చూసింది. పిచ్చిదానిలా నిలబడిపోయింది.

నూకాలు అత్తగారి మొహం చూసింది. మూలనున్న బుట్ట చూసింది. బుట్టలో గోంగూర కింద ఇంకా రెండు రాళ్ళున్నాయి. అరుస్తుందేమో, తిడుతుందేమో అని అందరూ అనుకున్నారు. అరవలేదు. ఇలా కట్టిన వంతెన మీంచి నా బిడ్డ దగ్గరికి ఎవరూ రావద్దత్తా, అని ఒక్క మాట అందిట, చాలా నెమ్మదిగా. అని, ఆ రెండు రాళ్ళూ బుట్టలోంచి తీసి, నెత్తిన పెట్టుకుని, వాగు గట్టుకి నడిచి, అక్కడ పెట్టి నిలబడింది. పెట్టాక కాసేపు వాటినే చూసింది. పనివాళ్ళకి కావాల్సింది రాయే కదా. దూరపు క్వారీ ఎందుకు, బాట పక్కనంతా కుప్పలున్నాయి కదా. కిందకి దించేవాళ్ళు కావాలి, అంతే కదా.

మర్నాడు పొద్దున్నే కొండ ఎక్కి, రాళ్ళ కుప్ప పక్కన కూచుంది. వచ్చినవాళ్ళందరికీ ఉన్న మాటే చెప్పింది. బాబూ, కిందటేడు మంత్రసాని వాగు దాటలేక నా పిల్ల పోయింది, ఇప్పుడు వంతెన కడుతున్నాం, ఎలాగూ అటే వెళ్తున్నారు, ఒక్క రాయి మోసుకెళ్ళి గట్టున పడేస్తారా అని అడిగింది. మొదట వచ్చినాయన, నేను స్వామి దగ్గరికి పోతున్నాను, కూలికి కాదు అని విసుక్కుని వెళ్ళిపోయాడు. తరవాత వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నూకాలుకి ఏడుపు ముంచుకొచ్చిందిట. ఎవరు మాత్రం ఎందుకు మోస్తారు, చెప్పండి?

అప్పుడు ఒక గాజులావిడ వచ్చింది. విన్నది. భుజం మీది గాజుల మలారం మొగుడికిచ్చేసి, కొంగుని నెత్తిన చుట్టకుదురు చేసుకుని, ఒక రాయి నెత్తికెత్తుకుంది. 

"నాకూ ఒకటి అలాగే పోయిందమ్మా," అంది.

అది విన్నాక ఇంకెవరూ ఊరికే పోలేకపోయారు. కాళ్ళు పీకడం లేదు, ఒంట్లో సత్తువ ఉంది, బాట నున్నగా ఉంది, రాయి మొయ్యడం ఒక లెక్కా? ముసలివాళ్ళు చిన్నవి, పడుచువాళ్ళు పెద్దవి, చిన్నపిల్లలు గులకరాళ్ళు. విసుక్కుని వెళ్ళినాయన కూడా మలుపు దాకా పోయి, వెనక్కొచ్చి, ఏదీ, ఇవ్వు, అన్నాడట.

ఇక్కడ ఊళ్ళో ఏమైందో తెలుసా? దాలినాయుడు అరుగు మీంచి కొండవైపు చూశాడు. వందలమంది జనం, ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కో రాయి, తిన్నగా ఊరిమీదకి దిగుతున్నారు. మనం బాట మీద రాళ్ళు పెట్టామని తెలిసిపోయింది, కొట్టి చంపేస్తారు, అనుకున్నాడు. పారిపోండి అని కేక పెట్టాడు. ఊరంతా ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళలో దూరి గడియలేసుకున్నారు. చెప్పులవాడు గాదెలో దాక్కున్నాడు. పేరమ్మ ఒక్కత్తే దాక్కోలేదు. కొడితే కొట్టనీ, నాకు పడాల్సిందే అని గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడింది. జనం ఆవిడ పక్కనుంచే నడిచిపోయారు. కాసేపటికి వాగు గట్టున రాళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు వినిపించిందిట. పేరమ్మ కళ్ళు తెరిచి చూసి, అలాగే గుమ్మానికి చేరగిలబడిపోయింది.

ఆ తరవాత చూడాలి. రాయి మోస్తే భుజం పీకింది. భుజం పీకితే అరుగు మీద కూలబడ్డారు. కూలబడితే ఆకలేసింది. అంతే, మళ్ళీ పేరమ్మ పొయ్యి వెలిగింది, నూనెవాడు కాళ్ళు వదిలి భుజాలు పట్టాడు. దిగుడు దగ్గర పెట్టిన రాళ్ళు పేరమ్మ తన చేత్తో ఏరి గట్టుకి చేర్చింది. వచ్చిన రాబడిలో సగం పనివాళ్ళకి వెళ్ళింది. సూరమ్మ కాలు కాస్త కూడుకుని వాగు దాటి ఇల్లు చేరింది. తిరునాళ్ళు ముగిసేసరికి వంతెన ముగిసింది.

వానలు పడ్డాయి. వాగు కిందటేడు కంటే ఎక్కువే పొంగింది. నడిమధ్యాహ్నం, కుండపోత, నూకాలుకి నొప్పులొచ్చాయి. సింహాద్రి వంతెన మీద పరుగెత్తాడు. పేరమ్మ తడుస్తూ ఈ కొసన నిలబడింది. సూరమ్మ కుంటుకుంటూ వంతెనెక్కింది. కింద ఎర్రనీళ్ళు రొద పెడుతున్నాయి, రాయి కదలలేదు. వచ్చింది, లోపలికెళ్ళింది, కాసేపటికి పిల్ల కేరుమంది. ఆడపిల్లే. తల్లీ పిల్లా క్షేమం.

పేరమ్మ పిల్లని చేతుల్లోకి తీసుకుంది. నవ్వుతుందని అందరూ చూస్తూ ఉంటే గోడకి జారగిలబడి ఏడ్చింది. పోయిన పిల్ల గురించి ఈ ఏడాదంతా ఆవిడ ఒక్క మాట అనలేదు. అప్పుడంది.

"ఈ రాళ్ళు కిందటేడు కూడా ఇక్కడే ఉన్నాయి కదే నూకాలూ," అందిట.

నూకాలు చెయ్యి చాచి అత్తగారి కొంగు పట్టుకుంది.

ఏడవకు రవళీ, ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఆ వంతెన మీద గంతులేసి, అమ్మమ్మ కూడా అయిందిట. ఊరంతా చల్లగా ఉంది. అందుకే చెప్తున్నాను, ఎవరి కాలు నొప్పి పెడితేనో మన పొయ్యి వెలిగే పని ఎప్పుడూ పెట్టుకోకండి. ఏం కావాలో నోరు తెరిచి అడగండి, మనుషులు మోస్తారు. కథ వంతెన దాటి కంచి దారి పట్టింది, మనం ఇంట్లోనే ఉన్నాం కదా, ఇంక కళ్ళు మూసుకోండి.