నమిలే దవడ

తొమ్మిదింటికి ఆపరేషన్. ఎనిమిదిన్నరకే కుర్ర డాక్టరు సుధాంశు, విరిగిన ఎముకకు బిగించే లోహపు ప్లేటు వంచి సిద్ధంగా పెట్టుకున్నాడు.

మిర్చి బస్తాల లోడు మీదనుంచి పడటంతో కూలి ఏసుమణి కుడి దవడ మూడు ముక్కలైంది. స్కాన్‌లో బాగున్న ఎడమ దవడను సుధాంశు కంప్యూటర్‌లో అద్దంలో బొమ్మలా తిప్పి, కుడివైపు అతికించి, దాన్ని ప్లాస్టిక్‌లో అచ్చు తీయించాడు. ఆ అచ్చు మీదే ప్లేటు వంచాడు. చిన్న పనేం కాదు. వార్డంతా వినేలా చెప్పుకోవడం మాత్రం మానలేదు.

"వెంట్రుక తేడా రాదు మేడమ్," అన్నాడు గురువు వజీరున్నీసాతో. "ముఖం రెండువైపులా ఒకేలా కుదురుతుంది."

ఆవిడ అచ్చు చూసింది. మంచం పక్కనున్న ఏసుమణి అక్కను అడిగింది.

"మార్తమ్మా, చెల్లెలి ముఖం ఇంతకుముందు ఎలా ఉండేది?"

"ఎట్టుండేదేంది డాక్టరమ్మా! చిన్నప్పుడు మంచె మీంచి పడింది. అప్పట్నుంచీ గడ్డం కుడికే. వంకరమూతీ అంటే పలికేది." మార్తమ్మ చెల్లెలి దుప్పటి సర్దింది. "మూతి సంగతి వొదిలెయ్యండి. గంజి తాగి బస్తాలు మొయ్యలేదు. నమిలి తింటదా, అది చెప్పండి."

సుధాంశు తన అచ్చు వైపు చూసుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదు మేడమ్."

"దవడ విరిగినావిడ చెప్పాలా నాయనా?"

ఓటీ నుంచి నర్సు కేకేసింది, పేషెంటును పంపమని.

ఏసుమణి చేరిన రోజే ఆమె పై పళ్లకూ కింది పళ్లకూ ప్లాస్టర్ అచ్చులు తీశారు. అతను వాటిని ముట్టుకోనేలేదు. వజీరున్నీసా ఆ రెండూ అతని చేతిలో పెట్టింది.

"మూయి."

తిప్పితిప్పి మూశాడు. ఏళ్లుగా నమిలి అరిగిన పళ్లు ఒక్కచోటే పట్టుకున్నాయి. కుడికి, వంకరగా.

"ఇప్పుడు నీ దవడ మీద మూయి."

పై పళ్ల అచ్చును తన ప్లాస్టిక్ దవడ మీద ఆనించాడు. ఎడమవైపు తగిలాయి. కుడివైపు వేలు దూరేంత సందు.

"వాయిదా వేద్దామా మేడమ్?"

"ఇప్పటికే ఆలస్యమైంది. విరిగి మూడు వారాలైతే ముక్కలు ఎలా పడితే అలా అతుక్కుంటాయి. ఇవాళే."

"మరి నా ప్లాన్..."

"ఆ అక్క నిన్ను అడిగింది అందమా, అన్నమా?"

ఆపరేషన్ బల్ల దగ్గర సుధాంశు ముందుగా స్క్రూ అడగలేదు. పై పళ్లనూ కింది పళ్లనూ వాటి వంకరలోనే కలిపి, తీగెతో బిగించి కట్టాడు. ఆ తర్వాతే, ఆ వంకరకు తగ్గట్టు వంచేందుకు, ఇంకా వంచని కొత్త ప్లేటు కోసం చెయ్యి చాపాడు.