సన్యాసమ్మ తడిగుడ్డ

అనగనగా అంటే మరీ రాజులనాటి మాట కాదు. బండి ముందు ఇనుప కడ్డీ పెట్టి తిప్పితే గానీ ఇంజను పలకని రోజులు. అప్పట్లో ఒక కొండదారి. ఆ దారి పైమలుపులో సన్యాసమ్మ మజ్జిగ అమ్మేది. ఆమెకున్నదల్లా ఒక కుండ, ఆ కుండకు చుట్టిన తడిగుడ్డ, దాన్ని తడపడానికి ఒక బిందె నీళ్లు. గుడ్డ ఆరితే మజ్జిగ పులుస్తుంది. మజ్జిగ పులిస్తే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే ఆ గుడ్డను కళ్లలో పెట్టుకుని చూసుకునేది.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పోలినాయుడి పాత పెట్రోలు వ్యాను రొప్పుతూ కొండెక్కింది. లోపల అతని భార్య, ఆమె ఒళ్లో జ్వరంతో కాలిపోతున్న చంటిపిల్ల. ఆసుపత్రి కొండకి అవతల. పిల్లకి గుక్కెడు నీళ్లు పడదామని పోలినాయుడు మలుపులో బండి ఆపాడు. ఆపకుండా ఉండాల్సింది పాపం!

కడ్డీ పెట్టి తిప్పాడు. గుర్రుమంది, పలకలేదు. దారిన పోయేవాళ్లను పిలిచి నెట్టించాడు. గుర్రుమంది, పలకలేదు. దాని ఏడు తరాలనూ తిట్టాడు. ఈసారి గుర్రుమనను కూడా లేదు.

ఆఖరికి సన్యాసమ్మ నీళ్ల బిందె ఎత్తి ఇంజను మీద కుమ్మరించబోయాడు.

"ఆగు నాయినా! కాగిన మట్టిపెనం మీద చన్నీళ్లు పోస్తే పగిలిపోదేటి?" అని సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది. "దీని తిండి ఎటునుంచి పోతాది?"

"పెట్రోలా పిన్నమ్మా? ఇదిగో, ఈ గొట్టంలోంచి." పోలినాయుడు గొట్టాన్ని ముట్టుకుని చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. లోపల పెట్రోలు ఆవిరైపోతుంటే ఇంజనుకేం అందుతుంది? అప్పుడు తెలిసింది అతనికి.

"నీ పిల్లకీ జ్వరమే, నీ బండికీ జ్వరమే" అంది సన్యాసమ్మ.

కుండ మీది గుడ్డ విప్పి పర్రున రెండుగా చింపింది. ఒక ముక్క పిల్ల నుదుట వేసింది. రెండోది గొట్టానికి చుట్టి, ఆరినప్పుడల్లా తడిపింది.

"తిప్పనా పిన్నమ్మా?"

"ఉండు."

"ఇప్పుడు?"

"ఉండు నాయినా."

"పిల్ల మూలుగుతోంది పిన్నమ్మా!"

ఆమె గొట్టం మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఊఁ, తిప్పు."

పలికింది!

మర్నాడు కేరింతలు కొడుతున్న పిల్లతో పోలినాయుడు తిరిగొచ్చాడు. సన్యాసమ్మ కుండ నిండుగానే ఉంది.

"అమ్ముడవలేదేం పిన్నమ్మా?"

"నిన్నటిది నాయినా. పులిసిపోనాది."

తన పిల్ల నుదుటిమీదికి వచ్చిన గుడ్డ ఏ కుండదో అతనికి గుర్తొచ్చింది. లోటా అందుకుని ఆ మజ్జిగే తాగాడు. మొహం చిట్లించలేదు. ఇంకో లోటా పొయ్యమన్నాడు. తర్వాత తన పైపంచ తడిపి కుండకు చుట్టి, పిల్లను ఆమె ఒళ్లో పెట్టాడు. ఆ దారిన కనబడ్డ ప్రతి డ్రైవరుకూ ఈ సంగతి చెప్పాడు.

సన్యాసమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ లెక్క లేదు. ఆ మలుపులో మాత్రం ఇప్పటికీ ఒక నీళ్ల కుండ, దాని మీద ఒక గుడ్డ ఉంటాయి. పాత బండి ఏదైనా కాగి మొరాయిస్తే డ్రైవరు గొట్టానికి తడిగుడ్డ చుట్టి పక్కన కూర్చుంటాడు. ఎక్కినవాళ్లు తొందరపెడితే, "సన్యాసమ్మ ఇంకా ఉండమంటోంది" అంటాడు.

అక్కడ మజ్జిగ అమ్మేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. అది ఎంత పులిసినా సరే, ఆ దారి డ్రైవరెవడూ మొహం చిట్లించడు. తాగి, ఇంకో లోటా పొయ్యమంటాడు.