జాలీ తీసేసిన బండి

సోమన్న మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. వాళ్ళను కూర్చున్న చోటునుంచి లేపి ఇంకోచోట కూర్చోబెడతారు. "పాడేవాళ్ళు నన్ను చూసి ఎందుకు చిరాకు పడతారండీ?" అని ఒక శిష్యుడు అడిగితే, వాణ్ణి గాయకులు కూర్చునే చోట కూర్చోబెట్టి, పాడమని, తాను పక్కనే మృదంగం పెట్టుకుని వాడి పాట వాడికే వినపడకుండా దంచి వదిలారు. వాడు మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. రామచంద్రపురంలో మృదంగం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసికూడా ధనుంజయ అడిగాడు. తను అడిగేది మృదంగం గురించి కాదు కదా, మోటారు సైకిలు గురించే కదా అనుకున్నాడు.

ధనుంజయ కరెంటాఫీసులో గుమాస్తా. అతని భార్య హైమవతి కాలవ అవతలి ఊళ్ళో హైస్కూలు టీచరు. పొద్దున ఆమెను బడి దగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం, ఆదివారాలు ఇద్దరూ మాస్టారింటికి రావడం, అన్నీ ఒక పాత చిన్న బండి మీదే. ఈమధ్య అది ఇద్దరితో వంతెన ఎక్కడానికి ఆయాసపడుతోంది. మరీ చిన్నది వద్దు, మరీ పెద్దది అందదు. రోజూ తిరగడానికి పనికొచ్చే మధ్యరకం బండి కావాలి. కొన్ని నెలలుగా అతనికి ఇదే ధ్యాస. చూడని వీడియో లేదు, ఎక్కని షోరూము మెట్టు లేదు. చివరికి రెండు బళ్ళు మిగిలాయి. ఒకటి మూడువందల యాభై సీసీది. పాతకాలపు వాటం, వెడల్పాటి సీటు, నిదానమైన నడక. రెండోది నాలుగువందలది. తల వంచి, తోక పైకెత్తి, కట్టు తెంపుకోబోయే కోడెలా ఉంటుంది. ధరలో పెద్ద తేడా లేదు. రెండూ అతను కొనగలిగినవే.

"మీ చేత్తో ఒకటి ఎంచి చెప్పండి మాస్టారూ" అని పాఠం అయ్యాక ఫోనులో రెండు బొమ్మలూ చూపించాడు.

మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు. "అడ్వాన్సు దేనికి కట్టావు?"

ధనుంజయ నాలిక కరుచుకున్నాడు. "నాలుగువందల దానికండీ. గురువారం దశమి. ఆరోజు బండి ఇస్తామన్నారు."

"అయితే నన్ను ఎంచమని కాదు నువ్వు అడిగేది. ఔననమని."

"అబ్బే, అదేం లేదండీ. మీరు కాదంటే మార్చుకుంటాను. అందర్నీ అడిగాను. మా ఆఫీసులో అడిగాను, మెకానిక్కుని అడిగాను, మా బావమరిదిని అడిగాను."

"హైమని?"

హైమ వంటింటి గడపలోనే ఉంది. మాస్టారి భార్య మాణిక్యమ్మగారి పక్కన కూర్చుని గోంగూర ఆకులు గిల్లుతోంది. ధనుంజయ గొంతు తగ్గించకుండానే చెప్పాడు. "ఆవిడకి బళ్ళ గురించి ఏం తెలుసండీ. ఏదైనా పర్లేదు అంది."

మాస్టారు గడప వైపు ఓసారి చూసి లేచారు. గూట్లోంచి పర్సు తీసుకున్నారు. "పద, చూసొద్దాం. మృదంగం కూడా పట్టుకో."

"మృదంగం ఎందుకండీ?"

"ప్రతి ఆదివారం అదీ బండి మీదే వస్తోందిగా. కొత్త బండి దానికీ నచ్చాలి."

ఆదివారం పాఠానికి పంచె, కండువా లేనిదే మాస్టారు గుమ్మం దాటనివ్వరు. అంచేత ధనుంజయ ఆ వేషంతోనే, గుడ్డ సంచీలో ఉన్న మృదంగాన్ని చంకనెత్తుకుని వీధి చివరున్న షోరూముకి నడిచాడు. అక్కడి సేల్స్‌మన్ టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"రండి సార్. టెస్ట్ రైడ్ బండి రెడీగా ఉంది. మీరు చెప్పినట్టే మీ బండికి శారీ గార్డు తీయించేస్తున్నాం. దీనికీ లేదు చూడండి, ఎంత నీటుగా ఉందో."

"ఏం గార్డయ్యా?" అన్నారు మాస్టారు.

"వెనక చక్రం పక్కన చీర పడకుండా ఇనప జాలీ ఉంటుంది కదండీ, అది. అదుంటే లుక్కు పోతుంది. కుర్రాళ్ళంతా తీయించేస్తున్నారు."

ధనుంజయ ఔనన్నట్టు తలూపాడు. నిజంగానే జాలీ లేని ఆ చక్రం చూడముచ్చటగా ఉంది. మాస్టారు తాళంచెవి కోసం చెయ్యి చాపారు.

"మీరా సార్?" అన్నాడు సేల్స్‌మన్.

మాస్టారు పర్సులోంచి లైసెన్సు తీసి అతని చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళలో ఆయన ఆటో ఎక్కడం తప్ప ఇంకేదీ ధనుంజయ చూడలేదు. ఆయన పంచె ఎగ్గట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఒక్క ఊపులో బండెక్కారు. కుడి పాదంతో ఏదో వెతికి, నవ్వుకుని, ఎడమ పాదానికి మార్చుకున్నారు. "మా రోజుల్లో గేరు కుడికాలి కింద ఉండేది. ఊఁ, నువ్వు వెనక ఎక్కు."

"కొనేది నేను కదండీ. నేను నడిపి చూడాలి."

"నడపడం నీకెలాగూ వచ్చు. ఎక్కు. కాళ్ళు చెరోపక్కకీ కాదు. చీర కట్టుకున్నట్టు, పక్కకి. మృదంగం ఒళ్ళో పెట్టుకో."

ఎక్కడానికే ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. వెనక సీటు అతని నడుము కన్నా ఎత్తులో ఉంది, వెడల్పేమో రొట్టెల పీటంత. ఒక పాదానికి ఆనుకునే కమ్మీ దొరికింది, రెండోది గాల్లో వేలాడింది. చేతులు రెండూ మృదంగానికే సరిపోయాయి. పట్టుకోవడానికి మిగిలింది గురువుగారి భుజం ఒక్కటే. దానిమీద చెయ్యి వేయడానికి అతనికి మనసొప్పలేదు, వేద్దామన్నా చెయ్యి ఖాళీ లేదు.

బండి టీకొట్టు దాటుతుండగా అతని ఆఫీసు లైన్‌మన్ వీర్రాజు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. "ఏవండోయ్ గుమాస్తాగారూ, కాపరానికి పంపించేస్తున్నారా మిమ్మల్ని?"

"సారె కూడా ఒళ్ళోనే పెట్టుకున్నాడు చూడు" అని వెనకనుంచి ఇంకెవరో అందుకున్నారు.

ధనుంజయ చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ సిగ్గు కాలవగట్టు రోడ్డు ఎక్కేదాకానే ఉంది. అక్కడ మాస్టారు గేరు మార్చారు. వీడియోల్లో అందరూ మెచ్చుకున్న ఆ ఊపు, ధనుంజయ ఏరికోరి ఎంచుకున్న ఆ ఊపు, అతన్ని తీసుకెళ్ళి సీటు చివరన పడేసింది. ముందుకి జరగబోతే ఇంకో గేరు పడింది. మళ్ళీ వెనక్కి. ఎదర స్పీడు బ్రేకర్ వస్తోందని తనకి కనపడదు. ముందున్న ఆయన వీపు తప్ప ఏమీ కనపడదు. అది వచ్చినప్పుడు అతనూ మృదంగమూ కలిసి గాల్లోకి లేచి, కలిసి దిగారు. "మెల్లిగా మాస్టారూ" అన్నాడు. ఆ మాట గాలికి వెనక్కి కొట్టుకుపోయింది. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అదీ అంతే. హైమ బండి మీద ఎప్పుడూ మాట్లాడదు, దారి పొడుగునా మౌనంగా వస్తుందని అతను నలుగురి దగ్గరా మెచ్చుకునేవాడు. ఆ మెప్పు ఇప్పుడు గుర్తొచ్చింది.

అంతలో భుజం మీద ఎవరో చెయ్యేసి లాగినట్టయింది.

ఎవరో కాదు, కండువా. మెడచుట్టూ ఒక చుట్టు తిరిగి వెనక్కి వేలాడుతున్న దాని కొస ఎప్పుడు జారిందో, చక్రం అందుకుంది. మెడ దగ్గర బిగిసింది. కేక వేద్దామంటే ఊపిరి లేదు. చేతులతో లాగుదామంటే వాటిలో మృదంగం ఉంది. ఆ రెప్పపాటులో అతనికి ఒక్కటే తెలుస్తోంది: తను పోతున్నాడు, మృదంగం వదలడం లేదు.

కండువా చిరిగింది. అప్పటికే బండి నడక తగ్గిపోయి ఉంది, కాబట్టి ధనుంజయ రోడ్డు పక్క ఇసక మీద కూలబడ్డాడు గానీ దొర్లలేదు. మృదంగం ఒళ్ళోనే ఉంది. మెడ మీద ఎర్రటి వాత. చక్రానికీ గొలుసుకీ మధ్య కండువా సగం నల్లగా, తాడులా మెలిపడి ఉంది.

మాస్టారు హెల్మెట్ తీశారు. ఆయన మొహం తెల్లబోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. మృదంగం మీద ఎంత వేగంలోనూ తొణకని ఆ వేళ్ళు వణకడం ధనుంజయ ఎన్నడూ చూడలేదు.

"ఇది నేను అనుకోలేదురా" అన్నారాయన. "సీటు చూపిద్దామని తీసుకొచ్చాను. ఇది నేను అనుకోలేదు. జాలీ లేదని విన్నాక కూడా ఎక్కించాను, బుద్ధిలేక."

"నేను కేక కూడా వెయ్యలేదు. మీరెలా ఆపారండీ?"

"అద్దంలో నీ కండువా ఎగురుతూ కనపడుతోంది. ఉన్నట్టుండి కనపడలేదు."

ఇద్దరూ కూర్చుని చక్రం వెనక్కి తిప్పుతూ గుడ్డ బయటికి లాగారు. లాగుతుంటే ధనుంజయ చేతులకి గొలుసు నూనె అంటింది. ఆ నలుపు ఎక్కడో చూశాడు. హైమ నీలం చీర.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం, ఇదే గట్టు మీద, వెనకనుంచి హైమ అతని వీపు మీద దబదబా కొట్టింది. అతను బండి ఆపి, "మళ్ళీ ఏమైంది? పాఠానికి టైమైపోతోంది" అన్నాడు. కాసేపటికి ఆమె "పోనివ్వండి" అంది. మాస్టారింటి దగ్గర దిగగానే అతను ఆమె చేతిలోని సంచీ విప్పి, మృదంగం రెండు వైపులా తట్టి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రం చూస్తే నీలం చీర చెంగు జానెడు కత్తిరించి, అంచు కుట్టి ఉంది, కుట్టు పక్కన ఇంకా కాస్త నలుపుంది. బడిలో బల్ల మేకు పట్టుకుందని చెప్పింది. పాత బండి జాలీ తుప్పుపట్టి చప్పుడు చేస్తోందని, అంతకు కొద్దిరోజుల ముందే అతను విప్పించి పారేశాడు. ఆ తర్వాతనుంచి హైమ బండెక్కే ముందు చెంగు రెండు చుట్లు తిప్పి బొడ్లో దోపుకోవడం మొదలుపెట్టింది. ఆ దోపుకునే సేపు అతను రోజూ హారన్ కొట్టేవాడు.

బండి షోరూములో అప్పజెప్పి ఇద్దరూ నడిచి ఇంటికొచ్చారు. మాణిక్యమ్మగారు ఎదురొచ్చి, అతని చేతిలోని గుడ్డ చూసి, "అయ్యో, కండువా ఏమిటలా అయింది నాయనా? మేకేదైనా పట్టుకుందా?" అన్నారు.

హైమ వచ్చి గుడ్డ అందుకుంది. నల్లటి చోట బొటనవేలితో రాసి చూసింది. ఏమైందని అడగలేదు. అతని మెడ మీది వాత చూసింది, చూపు అక్కడ కాసేపు ఆగింది.

"దీనికి కిరసనాయిలు రాయకూడదండీ పిన్నిగారూ, మరక ఇంకా పాకుతుంది" అంది మాణిక్యమ్మగారితో. "ముందు కొబ్బరినూనె పట్టించి, నానాక సబ్బు పెట్టాలి. నలుపు పోతుంది. చిరుగు మాత్రం కత్తిరించి కుట్టుకోవాల్సిందే."

ధనుంజయ అరుగు మీద కూర్చుండిపోయాడు. మృదంగం ఇంకా ఒళ్ళోనే ఉంది. "ఆరోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్పాను. చెంగు పడిందన్నాను. మీరు గడియారం చూసుకుంటున్నారు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతనికి భరించరానిదయింది. "రేపు బడినుంచి రాగానే షోరూముకి పోదాం. రెండు బళ్ళ మీదా నువ్వెక్కి కూర్చుని చూడు. ఏది కొనాలో నువ్వు చెప్పు" అన్నాడు.

"నాకు బళ్ళ గురించి ఏం తెలుసు?" అంది హైమ, మిగిలిన గోంగూర కట్ట అందుకుంటూ.

ధనుంజయ మాస్టారి వైపు తిరిగాడు. ఆయన గోడకి చేరగిలబడి తన వేళ్ళు చూసుకుంటున్నారు. అవి ఇప్పుడు వణకడం లేదు.

"ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను మాస్టారూ. నాకు ఒక్కనాడూ కనపడలేదు."

"బండికి అద్దాలు రెండిస్తారు అబ్బాయ్" అన్నారు సోమన్న మాస్టారు. "రెండూ వెనక్కే చూస్తాయి."