ఒడ్డున ఆగిపోయిన గవర్రాజు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్టు నడిపే గవర్రాజుకు, ఒక్కసారి చూసిన చోటు జన్మంతా తెలిసినట్టే లెక్క. ఎవరు ఏ ఊరు బయలుదేరినా ఆయన కొట్టు ముందు ఆగి దారి అడిగేవారు. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ హోటల్లో పెసరట్టు బాగుంటుందో ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. చెప్పినదాంట్లో సగం ఏనాటి మాటో. అయినా ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం ఆయనకు మహా నామోషీగా ఉండేది.

ఆయనకు సన్యాసిరావు అని చిన్ననాటి స్నేహితుడు ఉండేవాడు. కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. విశాఖపట్నం దాటి ఎరగడు. తల్లి లేని కూతురు వైజయంతిని తనే పెంచి, వయొలిన్ నేర్పించాడు. ఆ పిల్లకు పడమటి తీరాన ఒక క్యాసినో రిసార్టులో ఉద్యోగం దొరికింది. నది మధ్యలో లంగరేసిన పెద్ద ఓడ అది. పైన జూదం ఆడే హాళ్ళు, కింద భోజనశాల. ఆ భోజనశాలలో వాయించే బృందంలో వైజయంతి వెనక వరసలో కూర్చునేది.

ఒకరోజు ఆమె తండ్రికి ఫోన్ చేసింది.

“నాన్నా, వచ్చే శనివారం సాయంత్రం నేనొక్కదాన్నే ముందు కూర్చుని వాయిస్తున్నాను. నువ్వు వచ్చి వినాలి.”

సన్యాసిరావుకు సంతోషంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. అంత దూరం ఎలా వెళ్ళాలో తెలియక, ఫోన్ పెట్టేయకుండానే గవర్రాజు కొట్టుకు వచ్చాడు.

“ఓస్, ఆ ఓడేనా?” అన్నాడు గవర్రాజు. “మా తోడల్లుడితో కలిసి వెళ్ళాను కదరా. నేను తీసుకెళ్తాను పద.”

ఆ మాట ఫోన్లో వింటున్న వైజయంతి, “బాబాయ్, ఇప్పుడు ఇక్కడి పద్ధతులు చాలా మారాయి. టికెట్ ధరలు, గుర్తింపు కార్డుల సంగతి బయలుదేరేముందు రిసార్టుకు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. నంబరు పంపిస్తాను” అంది.

గవర్రాజు నవ్వాడు. “నువ్వు పాలసీసా పట్టుకున్న రోజుల్లోనే నేను ఆ ఓడ ఎక్కానమ్మా. నాకు చెప్పేదేముంది? నువ్వు నిశ్చింతగా సాధన చేసుకో.”

ఆమె నంబరు పంపింది. ఆయన దాన్ని తెరిచి కూడా చూడలేదు.

బయలుదేరే రోజు సన్యాసిరావు తన ఆధార్ కార్డు జేబులో పెట్టుకుంటుంటే గవర్రాజు అడ్డుపడ్డాడు.

“అసలు కార్డు రైల్లో ఎక్కడో జారిపోతే కొత్తది తెచ్చుకోలేక చస్తావు. జిరాక్సు చాలు. పోయినసారి జిరాక్సు చూపించే ఎక్కాను.”

సన్యాసిరావు కార్డును బీరువాలో పెట్టి జిరాక్సు తీసుకున్నాడు. గవర్రాజూ తన జిరాక్సే పెట్టుకున్నాడు. కూతురికి ఇష్టమని చేయించిన సున్నుండల డబ్బాను మాత్రం ఒళ్ళో పెట్టుకుని ప్రయాణమంతా కింద పెట్టకుండా కాపాడుకున్నాడు. రైల్లో వాళ్ళను ఎవరూ కార్డులు అడగలేదు. దాంతో గవర్రాజు ధీమా ఇంకాస్త పెరిగింది.

శనివారం మధ్యాహ్నం రైలు దిగారు. స్టేషన్ బయట రిసార్టు వాళ్ళ ఉచిత బస్సు ఉంటుందని గవర్రాజు చెప్పాడు. ఎండలో చాలాసేపు నిలబడ్డా ఏ బస్సూ రాలేదు. చివరికి ఒక కొబ్బరిబొండాల ఆవిడ, ఆ బస్సు మానేసి చాన్నాళ్ళయిందని చెప్పింది. సెలవురోజులు కావడంతో టాక్సీవాళ్ళు అడిగినంత ఇస్తేనే కదులుతామన్నారు. గవర్రాజు బేరమాడకుండా ఎక్కాడు. “సీజను కదా” అని సర్దిచెప్పాడు. సన్యాసిరావు కిటికీలోంచి నది కనబడగానే చొక్కా సర్దుకున్నాడు.

రేవు దగ్గర ఓడకు తీసుకెళ్ళే పడవలు ఆగి ఉన్నాయి. కౌంటర్లో ఉన్న అమ్మాయి హిందీలో మర్యాదగానే మాట్లాడింది. శని, ఆదివారాల్లో టికెట్ ధర ఎక్కువని, పడవకు కూడా ఇప్పుడు విడిగా కట్టాలని చెప్పింది. గవర్రాజు చెప్పిన లెక్క ప్రకారం సన్యాసిరావు తెచ్చిన డబ్బు ఎటూ చాలదు. తక్కువైంది తనే వేసుకుంటానని గవర్రాజు, ఇంటికి జీడిపప్పు కొనడానికి దాచుకున్న నోట్లు బయటికి తీశాడు.

“మీ కార్డులు చూపించండి” అంది ఆ అమ్మాయి.

గవర్రాజు జిరాక్సు కాగితాలు అందించాడు. ఆమె వాటిని మెల్లగా వెనక్కి జరిపింది.

“ఇవి చెల్లవండి. అసలు కార్డు ఉండాలి.”

“నేను కొత్తవాణ్ణి కాదమ్మా. ఇదే ఓడకు ఇలాగే వచ్చాను. మీ పెద్దవాళ్ళను పిలవండి” అన్నాడు గవర్రాజు, వచ్చీరాని హిందీలో.

పెద్దాయన వచ్చాడు. ఆయనా అదే మాట చెప్పాడు. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. వైజయంతికి ఫోన్ చేస్తే మోగలేదు. కచేరీకి ముందు వాద్యకారులు ఫోన్లు కట్టేస్తారట. కచేరీకి ముందు వెళ్ళే ఆఖరి పడవ అప్పుడే జనాన్ని ఎక్కించుకుంటోంది.

గవర్రాజు తిరిగి చూశాడు. సన్యాసిరావు సున్నుండల డబ్బా పట్టుకుని రేవు అంచున నిలబడి, దీపాలు వెలుగుతున్న ఓడ వైపే చూస్తున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు.

“పోనీలేరా. రేపు పొద్దున్న పిల్ల ఒడ్డుకు వస్తుంది కదా. చూసి వెళ్ళిపోదాం” అన్నాడు.

అతను నాలుగు తిట్లు తిట్టి ఉంటే గవర్రాజు ఇంకాసేపు వాదించేవాడేమో. ఆ మెత్తని మాట విన్నాక మాత్రం జిరాక్సు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన గొప్ప కోసం ఒక తండ్రిని ఇంత దూరం తెచ్చి గట్టు మీద నిలబెట్టానని అర్థమైంది. కౌంటరు దగ్గరికి వెళ్ళి తల దించుకున్నాడు.

“అమ్మా, నాకు తెలియలేదు. ముందే కనుక్కోమన్నారు, నేనే కనుక్కోలేదు. ఆయన కూతురు ఈ సాయంత్రం లోపల వయొలిన్ వాయిస్తోంది. ఆయన లోపలికి వెళ్ళాలంటే ఏం చెయ్యాలో కాస్త చెప్పండి.”

‘నాకు తెలియలేదు’ అనే మాట ఆయన నోట సన్యాసిరావు వినడం అదే మొదటిసారి.

ఆ అమ్మాయి ముఖం మెత్తబడింది. “ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు మీ దగ్గర ఉందా? ఉంటే ప్రభుత్వం వాళ్ళ డిజిలాకర్ యాప్‌లో కార్డు తెరవచ్చు. అది మాకు చెల్లుతుంది” అంది.

సన్యాసిరావు ఫోన్ ఇచ్చాడు. ఆమె చెప్పినట్టల్లా గవర్రాజు నొక్కాడు. అర్థం కాని చోట మళ్ళీ అడిగాడు. ఇంకోసారి కూడా అడిగాడు. ఓటీపీ వచ్చింది, కార్డు తెరుచుకుంది. సన్యాసిరావుకు టికెట్ ఇచ్చారు.

ఇక గవర్రాజు వంతు. ఆయన కార్డుకు ఉన్నది ఎప్పుడో వదిలేసిన పాత నంబరు. మార్పించుకోమని కొడుకు చెబుతూనే ఉన్నాడు. ఆయనే రేపు మాపు అంటూ వచ్చాడు. ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదని ఆ అమ్మాయి బాధగానే చెప్పింది.

“నువ్వు లేకుండా నేనెలా వెళ్తానురా? లోపల నాకేం తెలుసు?” అన్నాడు సన్యాసిరావు.

“తెలియకపోతే అడుగు. చెప్తారు” అన్నాడు గవర్రాజు. “పిల్ల మొదటిసారి ముందు కూర్చుంటోంది. ఎదురుగా నువ్వు కనబడాలి. ఎక్కు.”

చెయ్యి పట్టి పడవ ఎక్కించాడు. పడవ కదిలాక, రేవు పక్కన ఉన్న చెక్క బెంచీ మీద కూర్చున్నాడు. నదిలో తిరిగే పడవల హోరులో వయొలిన్ వినిపించే దారే లేదు. మిగిలిన నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని ఒక టీ తెప్పించుకున్నాడు. లోపలికి వెళ్ళలేకపోయానన్న బాధ ఉంది కానీ, వెళ్ళాల్సినవాడు వెళ్ళాడన్న తృప్తి అంతకంటే ఎక్కువగా ఉంది.

కచేరీ అయ్యాక సన్యాసిరావు కళ్ళు ఎర్రగా చేసుకుని, నవ్వుతూ దిగాడు.

“నన్ను చూసి ఒక్క క్షణం ఆపిందిరా. మళ్ళీ అందుకుంది. జనం లేచి నిలబడ్డారు” అన్నాడు. 

మర్నాడు పొద్దున్నే వైజయంతి వయొలిన్ పెట్టె తీసుకుని వాళ్ళు దిగిన లాడ్జికి వచ్చింది. గవర్రాజు ఆమె ముఖం చూడలేకపోయాడు.

“నీ మాట వినుంటే ఇద్దరం వచ్చేవాళ్ళమమ్మా.”

“నాన్న వచ్చారు బాబాయ్. మీరు పంపించారు. మీ వాటా మీకు బాకీ ఉంచుతానా?” అంది ఆమె.

లాడ్జి డాబా మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య కుర్చీ వేసుకుని ఆయన ఒక్కడి కోసం మోహన రాగం వాయించింది. పక్క డాబాల మీది ఆడవాళ్ళు కూడా పనులు ఆపి విన్నారు. గవర్రాజు కళ్ళు తుడుచుకుని, మిగిలిన సున్నుండల్లో పెద్దది తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం స్టేషన్‌కు రాగానే సన్యాసిరావు, “మన బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందిరా?” అని అడిగాడు.

“వచ్చేటప్పుడు చూశాను” అనబోయి గవర్రాజు ఆగాడు. “ఉండు, కనుక్కుని వస్తాను” అని విచారణ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు బండి వేరే ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతోందని చెప్పారు. ఇద్దరూ నెమ్మదిగా వంతెన దాటి, బండి రాకముందే వెళ్ళి నీడలో కూర్చున్నారు.

నీతి: చోటు పాతదే అయినా దాని పద్ధతులు, ఖర్చులు మారుతూనే ఉంటాయి. నిన్న తెలిసినదాన్ని నమ్ముకుని కూర్చోకుండా, ఈ రోజు ఎలా ఉందో అడిగి తెలుసుకునేవాడే తనతో వచ్చినవాళ్ళను క్షేమంగా చేర్చగలడు.