ఐదో నెల టోపీ

అల్లవే అల్లవే ఓ చిన్ని చెల్లీ,
అల్లిన జడ చూసి పొద్దు నిలవాలీ...

ఆ తరవాత ఏముందో గుర్తు లేదు. మూడో పాదంలో ఎవరో వాకిట్లోకి వస్తారు. మేనమామో, మబ్బో, ఇప్పుడు తేల్చుకోలేను. మా మెట్ట ఊళ్ళో ఆడపిల్లలం ఒకరి వెనక ఒకరం కూర్చుని జడలు వేసుకుంటూ పాడుకునేవాళ్ళం. నలభై ఆరో ఏట, నర్సాపురంలో, కొక్కెం సూది చేతపట్టి తెల్లదారంతో మొదటి గొలుసు అల్లినప్పుడు నా నోటికి ఆ రెండు పాదాలే వచ్చాయి. పక్కనే ఉన్న ఎస్తేరు టీచరుగారు విని, "పాట బాగుంది మంగాయమ్మా. చెయ్యే ఇంకా జడ బిగిస్తోంది. కాస్త వదులు" అన్నారు.

ఆవిడ చాలా ఏళ్ళు లేసు బడిలో ఆడపిల్లలకు అల్లిక నేర్పారు. బడి మానేశాక మధ్యాహ్నాలు తమ వసారాలోనే మాలాంటి పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకునేవారు. అడిగినవాళ్ళకు అక్షరాలు కూడా దిద్దించేవారు. నేను రెండూ అక్కడే నేర్చుకున్నాను. ఆవిడకొక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా చేతిలో ఉన్న వరస పూర్తయ్యేదాకా తల ఎత్తేవారు కారు. వరస పూర్తయ్యాక కూడా జవాబు చెప్పేవారు కారు, ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని చేసుకుని వచ్చేసరికి మనం అడిగిన మాట మనకే ఇంకోలా వినిపించేది.

నేను అడిగిన మాట ఇది: "టీచరుగారూ, తప్పు కంటికి కనపడ్డాక విప్పకుండా ఎట్లా ఊరుకోవడం?"

అడగడానికి కారణం ఉంది. మా అమ్మాయి సుభాషిణి పురిటికి మా ఇంటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పిల్లని పండు అని పిలుచుకునేవాళ్ళం. ఐదో నెలలో తల్లినీ పిల్లనీ తీసుకువెళ్ళడానికి మా వియ్యపురాలు వీరరాఘవమ్మగారు పాలకొల్లు నుంచి వస్తానన్నారు. వాళ్ళింట్లో నాలుగు తరాలుగా లేసు అల్లుతున్నారు. ఆవిడ పెళ్ళిచూపుల్లో మా అమ్మాయిని చూడకముందే మా బల్లమీద గుడ్డ అంచు తిప్పి చూశారని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. అటువంటి ఇంటికి నా మనవరాలు నా చేత్తో అల్లిన టోపీ పెట్టుకుని గడప దాటాలని నాకు పట్టుదల. తప్పు లేని టోపీ.

పురిటి స్నానం అయిన పదకొండో రోజున పండు తల చుట్టూ ఒక దారం పెట్టి కొలిచి, రెండు కొసల దగ్గరా ముడులేసి, ఆ దారాన్ని బిస్కట్ల డబ్బాలో దాచాను. ఆ కొలతకే అల్లడం మొదలుపెట్టాను. టోపీ నడినెత్తిన చిన్న చుక్కలా మొదలై, గుండ్రంగా వరస మీద వరస పెరిగి, తల కొలతకు వచ్చాక పక్కలకు దిగి, చెవుల మీద రేకుల అంచుతో ముగుస్తుంది. మొదటిసారి రేకుల దాకా వచ్చాక లెక్కపెడితే ఒకటి తక్కువ. విప్పేశాను. కొక్కెం అల్లికలో కొస గొలుసు పట్టుకు లాగితే చాలు, పది రోజుల పని సరసరా ఊడి ఒళ్ళో పడుతుంది. రెండోసారి మూడో వరసలో ఒక కన్ను వదిలేసి దాటాను. విప్పేశాను. మూడోసారి, నాలుగోసారి ఏదో ఒకటి. పలక మీద కూడా నాది ఇదే వరస. 'ఖ' సరిగ్గా కుదరకపోతే పలకంతా తుడిచేసేదాన్ని.

విప్పి విప్పి దారం నూగు లేచి, తెలుపు పోయి, బూడిద పూసినట్టయింది. వసారాలో నా ఎదురుగా కూర్చునే కమలావతికి నోరు ఆగదు. "మంగాయమ్మ పిన్ని టోపీ అల్లటం లేదర్రా, దారానికి నడక నేర్పుతోంది. పొద్దున అటు తీసుకెళ్తుంది, సాయంత్రం ఇటు తీసుకొస్తుంది" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని గాని, కొత్త ఉండ కొనుక్కుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఐదోసారి కుదిరింది. ఉతికి, పల్చటి గంజి పెట్టి, చెంబు మీద బోర్లించి ఆరబెట్టాను. మర్నాడు పొద్దున వీరరాఘవమ్మగారు వస్తారనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక టోపీని రుమాల్లో చుట్టి టీచరుగారికి చూపిద్దామని బయలుదేరాను. వసారాలో కూర్చుని రుమాలు విప్పాను. అప్పుడు కనపడింది. కుడిపక్కన ఒక రేకు తక్కిన వాటికన్నా వెంట్రుకవాసి చిన్నది. నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. కాని వచ్చేది వీరరాఘవమ్మగారు. నా వేళ్ళు అప్పుడే కొస దారం వెతుకుతున్నాయి. ఆ వేళ్ళను గుప్పిట మూసి, ఇందాక చెప్పిన ఆ మాట అడిగాను.

టీచరుగారు వరస పూర్తి చేశారు. సూది పక్కన పెట్టి, "పిల్లని తీసుకురమ్మను" అన్నారు.

మా ఇల్లు రెండు గుమ్మాల అవతల. సుభాషిణి పండును ఎత్తుకుని వచ్చింది. టీచరుగారు టోపీ తీసి పండు తలమీద పెట్టారు. గుమ్మడికాయ మీద తొడిమలా నిలబడింది. పండు ఒకసారి తల తిప్పేసరికి జారి నా ఒళ్ళో పడింది. ఎవరో పెద్ద తమాషా చేశారనుకుని అది బోసినోరు తెరిచి నవ్వింది.

"కొబ్బరికాయకు పెట్టు పిన్నీ, అతికినట్టు సరిపోతుంది" అంది కమలావతి.

నాకు నవ్వు రాలేదు. డబ్బాలో దాచిన కొలత దారాన్ని కూడా రుమాల్లో పెట్టుకుని తెచ్చాను. తీసి పండు తల చుట్టూ పెట్టి చూశాను. ముడికీ ముడికీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. అయిదు నెలలుగా రోజూ ఆ తలకు నూనె రాసిందీ, నలుగు పెట్టిందీ, నీళ్ళు పోసిందీ నేనే.

"ఎదిగింది" అన్నారు టీచరుగారు, సంతోషంగా. "పాలు బాగా వంటబట్టాయి. ఒక్కసారైనా పెట్టి చూడలేదా?"

"సగం అల్లింది పిల్లకు తొడగకూడదని మా అమ్మ అనేదండీ."

"మీ అమ్మ ఎన్ని టోపీలు అల్లింది?"

"మా మెట్టలో టోపీలెక్కడివండీ. నెత్తికి పాత చీర ముక్క చుట్టేవాళ్ళం."

సుభాషిణి నా మొహం చూసి మెల్లిగా అంది: "పోనీలేమ్మా. తరవాత పంపిస్తావని అత్తయ్యతో చెబుతాను." ఆ మాటతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వట్టి తలతో గడప దాటుతుంది నా మనవరాలు.

టీచరుగారు ఎండ కేసి చూశారు. వసారా స్తంభం నీడ ఇంకా మొదటి మెట్టు దిగలేదు. "పక్కలు విప్పు, నెత్తి భాగం ఉంచు. రెండు వరసలు పెంచి దిగు. రేకులు పొట్టిగా పెట్టు, దీపాల వేళకు అయిపోతుంది. పిల్ల నీ ఒళ్ళోనే ఉంటుంది. ప్రతి వరసకీ తలమీద పెట్టి చూడు" అన్నారు.

అల్లాను. వరసకొకసారి పండు నెత్తిన పెట్టి చూసుకుంటూ అల్లాను. అది ఊరుకుంటుందా? ఉండను తన్నింది, దారం నోట్లో పెట్టుకుంది, సూది కోసం చెయ్యి చాపింది. కమలావతి తన పని పక్కన పడేసి, తాళంచెవుల గుత్తి ఆడిస్తూ దాన్ని మరిపించింది. చివరి అంచులో, ఎడమ చెవి వెనకగా వచ్చే చోట, పండు దారాన్ని గుప్పిట పట్టి ఒక్క లాగు లాగింది. రెండు గొలుసులు సాగి, రేకు పక్కకు వాలిపోయింది. నా వేళ్ళు అలవాటుగా విప్పబోయాయి. పండు ఆవలించి, నా మోచేతి మీద తల వాల్చి కళ్ళు మూసింది. నేను తరవాతి రేకు మొదలుపెట్టాను. దీపాలు పెట్టకముందే, గడ్డం కింద కట్టే దారాలతో సహా అయింది. గంజి పెట్టే వ్యవధి లేదు.

మర్నాడు వీరరాఘవమ్మగారు వచ్చారు. కాఫీ తాగారు. మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, నేననుకున్నట్టే ముందు టోపీ తీశారు. బొటనవేలితో అంచు వెంబడి నెమ్మదిగా తడుముకుంటూ వచ్చారు. చెవి వెనక చోటు దగ్గర వేలు ఆగింది. నేను గుమ్మం పట్టుకుని నుంచున్నాను.

"ఇక్కడ పిల్ల లాగిందా వదినగారూ?" అన్నారావిడ.

నేను తల ఊపాను.

"మావాడి టోపీకి ఇదిగో, ఇటు, కణత దగ్గర ఉంది ఇట్లాంటిది" అన్నారు కొడుకును తలుచుకుని. "వాడికి ముప్ఫై దాటాయి. పెట్టె తీసినప్పుడల్లా ముందు ఆ చోటే చూస్తాను. మిగతాది నేనేం అల్లానో నాకే గుర్తు లేదు." ఆవిడ టోపీని మళ్ళీ పండు తలకు పెట్టి, చెవులమీదికి లాగి, గడ్డం కింద ముడేశారు. అలా మనవరాలు గడప దాటింది.

బండి వీధి మలుపు తిరిగాక ఇంట్లోకి పోబుద్ధి కాలేదు. నేరుగా టీచరుగారి వసారాకు వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ వింటూనే అల్లుతున్నారు. నాకు ఒక్కటే మిగిలిపోయింది, అదీ అడిగేశాను. "అయితే టీచరుగారూ, ఇకమీదట తప్పు కనపడినా విప్పకూడదా?"

వరస పూర్తయింది. ఆవిడ తల ఎత్తి నవ్వారు.

"విప్పమ్మా, ఎవరు వద్దన్నారు? పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని విప్పు."