మరుగుదొడ్డి కింద ఏటినీళ్లు

ఏటి ఒడ్డునే బతికే ఒక చిన్న రాజ్యంలో, రాజుగారు తల్లి అస్థికలు కలపడానికి బయలుదేరే ఉదయం, పడవ అడుగున నీళ్లు కనిపించాయి. మరుగుదొడ్డి కింది చెక్కల మీద మడుగు కట్టి ఉన్నాయి.

"చెక్కల సందుల్లోంచి ఏటినీళ్లు ఊరుతున్నాయి ప్రభూ. సందులు పూడ్చిన ముత్తయ్యదే తప్పు," అన్నాడు నావాధికారి చిక్కభూపతి. మరుగుదొడ్డి మురుగు ఏట్లోకి పోయే రాగి గొట్టం దగ్గరుండి బిగించింది తనేనన్న మాట మాత్రం ఎత్తలేదు.

ముత్తయ్య కుడిచెయ్యి తీసేయమన్నారు రాజుగారు. భటులు ముసలాయన్ని కట్టేశారు. ఆయన కూతురు నూకాలు పడవ అడుగుకు దిగి, గొట్టం అతుకు తడిమి చూసి, కింద చేరిన నీళ్లు ముంతలో పట్టి తెచ్చింది.

"ఇవి ఏటినీళ్లేనా అయ్యగారూ?"

"ఏటినీళ్లే. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"మా అయ్య చెయ్యి పోయే మాట కదండీ. ప్రమాణం చేసేవాళ్లు మూడు గుక్కల ఏటినీళ్లు తాగడం మన ఆచారం. ఇవే తాగి చెప్పండి, చాలు."

అధికారి దోసిలి పట్టాడు. ముంత వంగేలోపే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

రాజుగారు ఆ చేతుల్ని చూశారు. ముత్తయ్య కట్లు విప్పించారు.

నూకాలు అతుకులో కొబ్బరిపీచు కూరి గుగ్గిలం మెత్తింది. కారడం ఆగింది.

"గొట్టమేనని నీకు ముందే తెలుసుగా. చెప్పలేదేం?" అన్నారు రాజుగారు.

"నేను చెబితే కూతురి మాటంటారు ప్రభూ. ఆయన చేతులే చెబితే కాదనేవాళ్లుండరు."