ఏసోబు ఇంటి కుండ

నేను ప్రార్థన బాగా చేస్తానని పేరు. ఆ పేరే నన్ను కొన్నాళ్లు పాడు చేసింది.

ఇది నలభై ఏడేళ్ల కిందటి మాట. వేదాంత పాఠశాలలో రెండేళ్లు చదివి, మంచి మార్కులతో పాసై, పని నేర్చుకోవడానికి కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంక ఊరికి వెళ్లాను. నేర్పవలసిన పాస్టరు నిరీక్షణం అయ్యగారు. అప్పటికే ఆయనకి అరవై దాటాయి. భార్య పోయారు. మందిరం వెనక రెండు గదుల పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఊళ్లో అందరికీ ఆయన పెద్దయ్యగారు. నేను వెళ్లిన వారానికల్లా చిన్నయ్యగారు అయిపోయాను. నా పేరు కృపావరం అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

వంట నా వంతు. మొదటి రోజు ఎసరు పెట్టి బియ్యం పొయ్యబోతుంటే అయ్యగారు ఆపి, పొయ్యి పక్కనున్న చిన్న మట్టికుండ చూపించారు. ఆ ఊళ్లో విశ్వాసుల ఇళ్లన్నిట్లో అలాంటి కుండ ఉండేది. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా, ఆ కొలిచిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి అందులో వెయ్యాలి. మనం తినబోయే అన్నంలో అంత మేర తగ్గాలన్నమాట. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకొచ్చి మందిరంలో బల్ల ముందున్న గంపలో పోసేవాళ్లు. సన్నవీ, దొడ్డువీ, నూకలూ అన్నీ కలిసిపోయేవి. తర్వాత అవి ఊళ్లో చూసేవాళ్లు లేని ముసలివాళ్ల ఇళ్లకి చేరేవి.

ఇప్పుడు మా సంఘాల్లో ఆ కుండలు లేవు. గంపా లేదు. ఎవర్నీ తప్పు పట్టడం లేదు, నా ఇంట్లోనే లేదు. కానీ ఆ గంపలోంచి వచ్చే బియ్యపు వాసన, కొంచెం ముక్కిన వాసనతో కలిసి, అప్పుడప్పుడు ఉన్నట్టుండి గుర్తొస్తుంది. వెంటనే అయ్యగారు గుర్తొస్తారు. అప్పుడు కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు.

సాయంత్రం దీపం పెట్టే వేళకి అయ్యగారు నులకమంచం మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకుని, మాట్లాడకుండా ఉండేవారు. పొద్దుటినుంచి తనలో ఏం జరిగిందో దేవుడి ముందు చూసుకోవడం ఆయన అలవాటు. నన్నూ పక్కన కూర్చోమనేవారు. నాకు అయిదు నిమిషాల్లో అయిపోయేది.

“ఏమన్నా దొరికిందా?” అని అడిగేవారు.

“ఇవాళ ఏమీ లేదండి,” అనేవాణ్ణి.

నిజంగానే నాకేమీ కనపడేది కాదు. ఆయనకి మాత్రం రోజూ ఏదో ఒకటి దొరికేది. ఫలానా ఆయన మాట్లాడుతుంటే సగంలో విసుక్కున్నాననో, ముందు నా కంచంలో కూర వేసుకున్నాననో చెప్పేవారు. ఇంత పెద్దాయనకి ఇన్ని తప్పులేమిటా అని నేను లోలోపల జాలిపడేవాణ్ణి.

ఆదివారం ఆరాధనలో అందరి తరఫునా చేసే విజ్ఞాపన ప్రార్థన నాకు అప్పగించారు. ఇంక చూసుకోండి. లోకంలోని రాజులూ మంత్రులూ మొదలుకుని మా ఊరి కోడిపిల్లల తెగులు దాకా దేవుడికి నేనే కబురు చెప్పాలన్నంత ఉత్సాహంగా చేసేవాణ్ణి. ముసలివాళ్లు మధ్యలో ఓ కునుకు తీసి లేచేవాళ్లు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఎవరి ఇంటి కష్టం వాళ్ల పేరుతో ఎత్తి ప్రార్థిస్తే ఏడుపు తొందరగా వస్తుందని నాకు తెలిసిపోయింది.

మందిరంలో డోలక్ వాయించే ఏసోబు అని ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, పసుపు రైతు. అంతకుముందు వానాకాలంలో వాళ్ల ఆరేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. ఏటికి వరదొచ్చి పడవ కట్టేశారు, అవతల ఒడ్డున డాక్టరున్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఇళ్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసోబు భార్య సువార్తమ్మ గొంతు తగ్గించి తన బాధ చెప్పుకుంది. ఆయన వాయించడానికి వస్తున్నాడే గానీ, ప్రార్థనలో నోరు విప్పడం లేదట. ఇంట్లో, పైన ఎవరూ లేరంటున్నాడట. ఎవరికీ చెప్పలేదని, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోమని బతిమాలింది.

చేసుకున్నాను. ఆ ఆదివారమే, గొంతెత్తి.

“కొడుకు పోయినప్పటినుంచి గుండె రాయి చేసుకుని, పైన ఎవరూ లేరంటున్న మా ఏసోబన్నను ముట్టుము తండ్రీ. ఆ ఇంటి ఇల్లాలి కన్నీళ్లు చూడుము.”

మందిరమంతా వెక్కిళ్లు. ఆ ప్రార్థన నాకు చాలా తృప్తినిచ్చిందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఏసోబు ముందు చాప మీద డోలక్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. తర్వాతి పాటకి ఒక్క దెబ్బ తప్పకుండా వాయించాడు. ఆరాధన అయ్యాక డోలక్‌ని గోడ మేకుకి తగిలించి, ఎవరి మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. సువార్తమ్మా రాలేదు. మూడు ఆదివారాలు గడిచాయి. డోలక్ లేక పాటలు తలో దారి పట్టేవి.

సాతాను ఆ ఇంటిని పట్టుకున్నాడని నేను తేల్చేశాను. సోమవారం నుంచి మూడు రోజులు ఉపవాసముండి వాళ్లకోసం ప్రార్థిస్తానని అయ్యగారితో చెప్పాను. నా వైపు లోపమేమైనా ఉందేమోనని పరీక్షించుకున్నాననీ, ఏమీ కనపడలేదనీ కూడా చెప్పాను.

ఆయన “ఊఁ” అన్నారు. అంతే.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం వంటకి సోల నిండా బియ్యం కొలిచి, పిడికెడు తియ్యబోతుంటే అయ్యగారు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

“ఇవాళ మన దాంట్లో తియ్యకు. ఏసోబు ఇంటికి వెళ్లి, వాళ్ల కుండలోంచి ఒక పిడికెడు పట్రా.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“అడిగి తెమ్మంటారా?”

“అడగొద్దు. తెచ్చి మన సంచిలో పొయ్యి. రేపు మన ఇంటి పిడికెడని గంపలో పోద్దువు గాని.”

పెద్దాయనకి మతి తప్పుతోందనుకున్నాను. ఒకరి కుండలోంచి తీసి దేవుడి ముందు మనదని పొయ్యడమేమిటి? ఆ మాట పైకి అనే ధైర్యం లేక, సోల పొయ్యి పక్కన అలాగే పెట్టి బయల్దేరాను.

ఏసోబు వాకిట్లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. తలుపు తీసే ఉంది. పిలిచాను, పలకలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. వంటింట్లో పొయ్యి మీద అడుగు మాడిన గిన్నె, పక్కన ఎప్పటిదో కడగని కంచం. పిడికెడు కుండ ఉండాల్సిన చోటే ఉంది. మూత తీశాను.

కుండ అంచుదాకా నిండిపోయి ఉంది. దాని పక్కన ఇత్తడి చెంబు ఒకటి, దానిమీద అరిటాకు ముక్క. ఆకు తీసి చూస్తే అందులోనూ బియ్యం.

“వందనాలు చిన్నయ్యగారూ,” అని వెనకనుంచి వినపడింది.

ఏసోబు. మోచేతులదాకా పసుపు. అరిటాకు ముక్క చేత్తో పట్టుకునే సువార్తమ్మక్క ఏదని అడిగాను.

పుట్టింటికి వెళ్లిందన్నాడు. నెల కావొస్తోందట. ఇంట్లో మాట బయటికెలా పోయిందని ఆ ఆదివారం తానే గొడవపడ్డాడట, తానే పొమ్మన్నాడట. ఎవరిమీదా కోపం లేనట్టు మామూలుగా చెప్పాడు. నేను పడిన తృప్తి ఎంత ఖరీదైందో అప్పుడు తెలిసింది.

“మరి ఈ బియ్యం?”

“నేనే ఏస్తన్నా. కొలిసినప్పుడల్లా సెయ్యి దానంతటదే ఎల్తంది.” కుండవైపు చూశాడు. “సేతికి అలవాటైపోయింది చిన్నయ్యగారూ. నోటికే రావట్లేదు.”

మందిరమంతా వినేలా నేను రాతిగుండె అన్నది ఈ మనిషినే.

పెద్దయ్యగారు రోజూ పొద్దున్నే వస్తారని కూడా ఏసోబు చెప్పాడు. ఏమీ అడగరట, ప్రార్థన కూడా చెయ్యరట. వాకిట్లో కూర్చుని కాసేపు పసుపులో దుంపలూ కొమ్ములూ వేరు చేసి, వెళ్లిపోతారట. ఆయన పొద్దున్నే ఏటి ఒడ్డుకి షికారు వెళ్తున్నారని నేను అనుకుంటూ ఉన్నాను.

“ఇంతకీ ఏం పనిమీద వచ్చారు?”

అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ తట్టలేదు. మీ కుండలోంచి ఒక పిడికెడు తెమ్మని అయ్యగారు పంపారని చెప్పాను.

ఏసోబు చేతుల పసుపు పంచెకి తుడుచుకున్నాడు.

“మీరు వండుకోవట్లేదా?”

“వండుకుంటున్నాం.”

“మరి మీ కుండొదిలేసి మా కుండలో సెయ్యెట్టటమేంది?”

అతను అడిగింది బియ్యం సంగతే. నాకు మాత్రం ఇన్ని నెలలుగా రోజూ సాయంత్రం చేతులు తెరుచుకుని కూర్చున్నా దొరకనిదంతా ఒక్కసారి దొరికింది. ఎంతమంది ఇళ్లలోంచి వాళ్ల కష్టాలు ఎన్ని ఆదివారాలు ఎత్తుకొచ్చి నావని పోశానో కళ్లముందు తిరిగింది. తప్పయిపోయిందన్నాను, క్షమించమన్నాను.

అతను క్షమించానని అనలేదు. “నాకెందుకు సెప్తారు? ఆవిడికి సెప్పండి,” అని పసుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

అక్కడినుంచే రేవుకి వెళ్లి పడవెక్కాను. సువార్తమ్మ పుట్టిల్లు అవతలి ఒడ్డున, రేవుకి కోసు దూరం. దూడకి గడ్డి వేస్తూ ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్లబోయి ఆగింది. నేను చెప్పాల్సింది చెప్పాను. అంతా విని, గడ్డి దులుపుకుని, ఒక్క మాటే అంది.

“దేవుడికి చెప్తారని చెప్పాను చిన్నయ్యగారూ. ఊరికి చెప్తారని కాదు.”

కుండ నిండి ఉందని మాత్రం చెప్పాను. పక్కన చెంబు కూడా నిండిందని చెప్పాను.

“చెంబులోనా?” అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఇంక నిలబడి లాభం లేదని వచ్చేశాను.

నేను ఇల్లు చేరేసరికి దీపం వేళయింది. అయ్యగారు మంచం మీద ఉన్నారు.

“తెచ్చావా?”

“లేదండి.”

“కూర్చో.”

కూర్చున్నాను. ఆ సాయంత్రం అయిదు నిమిషాల్లో అవలేదు. ఎంతసేపైందో తెలియదు. లేచి వంటింట్లోకి వెళ్తే సోల నేను పెట్టిన చోటే, నిండుగా అలాగే ఉంది. ఆయన కూడా మధ్యాహ్నం ఏమీ తినలేదన్నమాట. దాంట్లోంచి ఒక పిడికెడు తీసి మా కుండలో వేశాను. ఎసరు పెట్టాను. ఏమన్నా దొరికిందా అని ఆయన ఆరోజు అడగలేదు. అన్నం మాత్రం ఇద్దరికీ ఆయనే వడ్డించారు.

మర్నాడు ఆరాధనలో నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.

“ప్రభువా, నేను నా గొంతు విని మురిసిపోయాను. నీ ఎదుట నన్ను మంచివాణ్ణని అనుకున్నాను. క్షమించు. ఇక్కడున్నవాళ్లు, రానివాళ్లు, ఎవరికి ఏం కావాలో నీకు తెలుసు.”

అంతే. ఆమేన్ అనడానికి కూడా ఎవరూ సిద్ధంగా లేరు. చిన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదేమోనని ఒక ముసలమ్మ పక్కామెని అడగడం అందరికీ వినపడింది.

బియ్యం పోసే వేళకి వరసలో నిలబడి మా సంచి నేనే పోశాను. నా వెనక అందరూ అయ్యాక, గుమ్మంలో సువార్తమ్మ కనిపించింది. మొదటి పడవకి దిగి ఇంటిమీదుగా వచ్చినట్టుంది, పాదాలకి ఇంకా ఏటి ఇసుక ఉంది. రెండు చేతులతో పెద్ద సంచి ఒకటి మోసుకొచ్చి గంపలో వొంపింది. సంచి మీద పసుపు చేతుల మరకలున్నాయి. ఆమె వెనకాల ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపే చూశాను. ఎవరూ రాలేదు. డోలక్ మేకుకే ఉంది. చివరి పాటలో ఎప్పటిలాగే గొంతులు తలో దారి పట్టాయి.

అందరూ వెళ్లాక గంప లోపల పెట్టడానికి అయ్యగారు ఒక పక్క పట్టుకున్నారు, నేను ఒక పక్క పట్టుకున్నాను. ఆవేళ అది మామూలు కంటే బరువుగా ఉంది. ఉండబట్టలేక అడిగాను.

“ఏసోబన్న వస్తాడంటారా అయ్యగారూ?”

ఆయన గంప కిందికి దించి, పైన గుట్టగా ఉన్న బియ్యాన్ని అరచేత్తో మెల్లగా సమం చేశారు.

“బియ్యం వచ్చాయిగా,” అన్నారు.